అద్దె ఇల్లు, రోజుకో కవరు నిండా చెత్త: ఎక్కడ మొదలుపెట్టాలి?

తంగేడుపువ్వు, హన్మకొండ:
అందరికీ నమస్తే. మేం రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మొన్న మా గల్లీకి చెత్త బండి నాలుగు రోజులు రాలేదు. అప్పుడు చూశాను గేటు పక్కన ఎంత పోగైందో. పాల ప్యాకెట్లు, కూరగాయల కవర్లు, కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన సాంబారు కవర్లు, పిల్లల చిప్స్ ప్యాకెట్లు, అన్నీ కూరగాయల తొక్కల్లో, మిగిలిన అన్నంలో కలిసి ఒకటే కంపు. ఐదుగురం నాలుగు రోజుల్లో ఇంత చేశామా అని చాలా బాధనిపించింది. పోయినేడు బకెట్‌లో ఎరువు చేద్దామని తొక్కలు వేస్తే పురుగులు పట్టి, ఓనర్ ఆంటీ కోప్పడితే పారేశాను. సోలార్, ఎలక్ట్రిక్ బండి లాంటివి మా వల్ల కాదు. ఖర్చు లేకుండా, అత్తమ్మకు పని పెరగకుండా, మీ ఇళ్లల్లో నిజంగా ఏళ్ల తరబడి నిలిచిన అలవాట్లు ఏమన్నా ఉంటే చెప్పండి.

మామిడితోరణం, కాజీపేట:
చెల్లె, నువ్వు ఆ బకెట్‌ను వదిలేయకు, తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసింది. ఉత్త తొక్కలే వేశావు. తడి ఎక్కువై గాలి ఆడకపోతే కుళ్లుతుంది, కంపు అక్కడి నుంచే. ఒక పిడికెడు తొక్కలు వేస్తే దానిమీద రెండు పిడికిళ్లు ఎండుటాకులు వెయ్యాలి. ఆకులు లేకపోతే కొబ్బరి పీచు, చింపిన అట్టముక్కలు కూడా పనిచేస్తాయి. బకెట్‌కు పక్కల, అడుగున రంధ్రాలు పెట్టి కింద ఒక పళ్లెం ఉంచు. మొదటిసారి నాలుగు పిడికిళ్ల మట్టి, దొరికితే కాస్త పాత పేడ ఎరువు కలుపు. వారానికి రెండుసార్లు కట్టెతో కలియబెట్టు. చేత్తో పిండితే తడి తెలియాలి గానీ నీళ్లు కారొద్దు. వండిన కూరలు, నూనె, మటన్ బొక్కలు మాత్రం వెయ్యొద్దు, వాటికి పురుగులు ఇంకా ఎక్కువ పడతాయి. మన ఎండాకాలంలో తొందరగా ఎండిపోతుంది, నీళ్లు చిలకరించాలి, వానాకాలంలో మూత పెట్టాలి. రెండు మూడు నెలల్లో నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. వేప ఆకు రాలే రోజుల్లో నేను రెండు బస్తాలు ఊడ్చి దాచుకుంటాను, ఏడాదంతా వస్తాయి.

ఇంకో మాట. 2012 అక్టోబర్‌లో మన వరంగల్‌లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగింది, గుర్తుందా? తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమని ఇంటింటికీ వచ్చి చెప్పారు. మా ఇంట్లో అప్పుడు పెట్టిన రెండు డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి. తడిది వేరైతే మిగతా చెత్త కంపు కొట్టదు, బండి నాలుగు రోజులు రాకపోయినా టెన్షన్ ఉండదు. అందుకే నేనైతే దీంతోనే మొదలుపెట్టమంటాను.

కిరాణం అన్న, జనగామ:
కొట్టు నడిపేవాడిగా చెప్తున్నా అక్కా. సంచి తెచ్చుకునేవాళ్లు కూడా అది బండి డిక్కీలోనే మర్చిపోతారు, లేదంటే నేను కవర్లో వేసి ముడేశాక బయటికి తీస్తారు. కొట్టుకు రాగానే ముందు సంచి నా ముందర పెట్టండి, తర్వాత సరుకు చెప్పండి, అంతే తేడా. పప్పు, చక్కెరకు డబ్బాలు తెస్తే ఖాళీ డబ్బా తూకం తీసేసి నేరుగా పోస్తాను, మాకేం కష్టం కాదు, కవరు ఖర్చు మాకూ మిగులుతుంది. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి అమ్మొద్దని రూల్ ఉంది, అయినా గిరాకీ అడుగుతుంటే కొట్లలో ఇంకా కనిపిస్తున్నాయి. మీరు అడగడం మానేస్తే మాకూ పెట్టే అవసరం ఉండదు. మటన్‌కు స్టీల్ డబ్బా పట్టుకెళ్లండి, సాంబారుకు టిఫిన్ గిన్నె. మొదటి రెండుసార్లు మొహమాటంగా ఉంటుంది, తర్వాత కొట్టాయనే డబ్బా ఏదని అడుగుతాడు.

మీటర్ రీడింగ్, కరీంనగర్:
చెత్త గురించి పెద్దవాళ్లు చెప్పారు, నేను కరెంటు గురించి చెప్తాను. సర్కారు గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంటే చాలామంది మీటర్ చూడడమే మానేశారు, అది నాకు నచ్చదు, బొగ్గు మాత్రం కాలుతూనే ఉంటుంది కదా. పాత ఫ్యాన్ 75 వాట్లు అనుకోండి, రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 31 యూనిట్ల పైనే. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లలో అదే గాలి ఇస్తుంది, నెలకు దాదాపు 19 యూనిట్లు తగ్గుతాయి. ధర ఎక్కువే, అందుకని అన్నీ ఒకేసారి మార్చకండి, ఎక్కువ తిరిగే ఒక్కటి మార్చండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్లొచ్చు. వాటర్ ఫిల్టర్ ఆర్వో అయితే లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పైపులోంచి పోతాయి. దాని కింద బకెట్ పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి. మొక్కలకు మాత్రం రోజూ పొయ్యకండి, ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ.

మోదుగాకు, పరకాల:
అందరూ మంచివే చెప్పారు కానీ నాకో బాధ ఉంది. ఏడాదంతా ఇంట్లో మనం తగ్గించిన ప్లాస్టిక్ ఒక్క ఫంక్షన్‌లో మూడింతలు అయిపోతుంది. ఐదొందల మంది వస్తే ఐదొందల చిన్న నీళ్ల బాటిళ్లు, సగం తాగి పెట్టినవే ఎక్కువ. మా చెల్లె పెళ్లికి టెంట్ హౌస్ నుంచి స్టీల్ గ్లాసులు తెచ్చాం, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టాం, కడగడానికి ఇద్దరికి కూలి ఇచ్చాం. భోజనం మోదుగ విస్తరాకుల్లో. మా నాయనమ్మ వాళ్లు చీపురు పుల్లలతో ఇంట్లోనే కుట్టేవాళ్లు, ములుగు వైపు ఆ ఆకుకు ఇప్పటికీ కొదవ లేదు. పేపర్ ప్లేట్లు, పేపర్ కప్పులు మేలు అనుకోవద్దు, చాలావాటికి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. బతుకమ్మకు కూడా గునుగు, తంగేడు చాలు, మెరుపు కాగితాలు చెరువులో కరగవు.

తంగేడుపువ్వు, హన్మకొండ:
అందరికీ చాలా థాంక్స్. మామిడితోరణం అక్కా, ఎండుటాకుల సంగతి నాకు ఎవ్వరూ చెప్పలేదు. డబ్బాలు ఈరోజే రెండు పెట్టేశాను. అత్తమ్మకు చెప్తే మా ఇంట్లో ఎప్పుడూ తొక్కలు పెంటకుప్పకే పోయేవి, ఇందులో కొత్తేముంది అన్నారు, రేపటి నుంచి ఆ డబ్బా తనే చూసుకుంటారట. పాత కాటన్ చీర చింపి నాలుగు సంచులు కుడుతున్నా, ఒకటి మా ఆయన బండి హ్యాండిల్‌కే కట్టేస్తాను. పాల ప్యాకెట్లే అర్థం కావట్లేదు, రోజుకు రెండు, వాటినేం చెయ్యాలి?

మామిడితోరణం, కాజీపేట:
మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క తెగి కింద పడకుండా కొంచెం అంటిపెట్టి ఉంచు, అంత చిన్నవి ఎవరూ ఏరుకోరు. కడిగి దండెం మీద క్లిప్పు పెట్టి ఆరబెట్టు, నెలకోసారి పాత సామాన్ల ఆయనకు ఇవ్వు. మీ గల్లీలో గిన్నెకు పోసే పాలాయన ఉంటే మాత్రం ముందు ఆయన్ని అడుగు.