ఆకుపచ్చ బెల్టు దగ్గర అడుగు కదలట్లేదు, మీకెలా గడిచింది?

గ్రీన్‌బెల్టు_గానుగ:
షోటోకాన్ కరాటే మొదలుపెట్టి రెండున్నరేళ్లు. తెలుపు నుంచి ఆకుపచ్చ దాకా చకచకా వచ్చేశాను. ఎనిమిది నెలలుగా మాత్రం ఉన్నచోటే ఉన్నాను. హెయాన్ కటాలు (ఒంటరిగా వరసగా చేసే కదలికలు) అయిదూ నిద్రలో లేపి అడిగినా చేస్తాను, కుమితేకి, అంటే ఎదుటివాడితో తలపడటానికి, నిలబడితే ఒక్కటీ గుర్తురాదు. మొన్న చేరిన కుర్రాడు కూడా పొట్టలో ఒకటిచ్చి పోతున్నాడు. అందరికీ ఇంతేనా, నాకే ఒంటబట్టట్లేదా?

పాత_గీ:
ఆ కుర్రాడి సంగతి వదిలేయండి. వాడికి పద్ధతి తెలీదు కాబట్టి వాడి చెయ్యి ఎటునుంచి వస్తుందో వాడికే తెలీదు, మీకేం తెలుస్తుంది? మీరేమో దెబ్బని ఎలా అడ్డుకోవాలా అని ఆలోచిస్తూ నిలబడుతున్నారు. ఆ ఆలోచించే దశ దాటాలి, అంతే.

నాకు బ్రౌన్‌కి ముందు ఏడాది పైన ఇలాగే నడిచింది. ఒకరోజు మా మాస్టర్ నన్ను జెంకుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచే నిలకడ) నిలబెట్టి వెనక మడమ కింద కాగితం ముక్క పెట్టారు. గ్యాకు జుకి (వెనక చేతి గుద్దు) కొట్టిన ప్రతిసారీ, సరిగ్గా చెయ్యి తగిలే క్షణంలో కాగితం లాగి చూసేవారు. పదిలో ఏడుసార్లు చేతికొచ్చేసింది. అంటే గుద్దు తగిలే వేళకి నా మడమ గాల్లో ఉంది. నేల నుంచి నడుముకి, నడుము నుంచి పిడికిలికి రావాల్సిన బలం దారిలోనే పోతోంది. నాలుగేళ్లు నేర్చిన గుద్దు అది! మూడు నెలలు అదొక్కటే చేశాను. కొత్త కటా అడిగితే కాగితం చూపించేవారు.

జూడో_పడిక:
అన్నా, మీ కాగితం బాగుంది కానీ కుమితేలో తడబాటుకి మందు కుమితేనే అని నా అభిప్రాయం. మాకు మొదటి రెండు నెలలు పడటమే పాఠం. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టి, చేత్తో మ్యాట్‌ని చరచాలి. అప్పుడు తల వెనక్కి కొట్టుకోదు. నాకు ఎదుటివాణ్ణి పడేసే త్రో ఒక్కటీ రాకముందే పడతానన్న భయం పోయింది, అసలు ఆట అక్కడ మొదలైంది. గానుగ గారూ, మీకు దెబ్బ తగులుతుందన్న భయం ఉందేమో చూసుకోండి. కళ్లు మూసుకుంటున్నారా?

గ్రీన్‌బెల్టు_గానుగ:
మూసుకుంటున్నాను. ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ.

బ్లూ_దగ్గరే:
నేను బ్రెజిలియన్ జియుజిత్సు. మాకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు, పెద్దవాళ్లకి నలుపు దాకా ఇంతే. అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో నీలం మీదే కనీసం రెండేళ్లు ఉండాలి, నేను మూడో ఏట ఉన్నాను. నాతో నీలం కట్టుకున్న ఆరుగురిలో మిగిలింది ఇద్దరం. నాకు పనికొచ్చిన చిట్కా: నెలంతా ఒక్క స్వీప్ (కింద నుంచి పైవాణ్ణి దొర్లించడం) మాత్రమే ప్రయత్నించడం. మొదటి రెండు వారాలు అందరి చేతుల్లో చావుదెబ్బలు తిన్నాను. తర్వాత ఎదుటివాడి బరువు ఏ మోకాలి మీద ఉందో కనపడటం మొదలైంది.

రెండుసార్లు_తెలుపు:
బెల్టు కోసం తొందరపడకండి. పేరు చెప్పను, ఒకచోట పరీక్షకి డబ్బు కట్టడం, కొత్త రంగు కట్టుకోవడం, ఇలా రెండేళ్లకే నాకు బ్లాక్ బెల్టు ఇచ్చేశారు. ఇంకోచోట చేరితే మొదటి స్పారింగ్‌లోనే తెలిసిపోయింది నా బండారం. మర్నాడు నేనే అడిగి తెల్ల బెల్టు కట్టుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

జూడో_పడిక:
అసలు బ్లాక్ బెల్టు అంటే అంతా వచ్చేసినట్టు కాదుగా. 1882లో కోడోకాన్ అనే బడి పెట్టి జూడోని మొదలుపెట్టిన జిగొరో కానో ఆ మరుసటి ఏడాదే ఇద్దరు శిష్యులకి షోదాన్, అంటే డాన్ మెట్లలో మొదటిది, ఇచ్చారు. అందులో ‘షో’ అంటే ఆరంభం. కరాటేలోకి ఈ డాన్ పద్ధతి షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి ద్వారా 1924లో వచ్చింది, అదీ జూడో చూసే.

పాత_గీ:
ఒప్పుకున్నాం లే తమ్ముడూ, జూడోయే అన్న. మా దగ్గర షు, హా, రి అంటారు: చెప్పినట్టు చేయడం, విడగొట్టి చూడటం, వదిలేయడం. గానుగ గారు ‘షు’ చివర్లో ఉన్నారు. ‘హా’ కావాలంటే కటాలో ఒక్క కదలిక తీసుకుని, జోడీని పట్టుకోమని, అది దేనికో చేసి చూడండి. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా నేను హెయాన్ షోదాన్ అనే మొదటి కటాలో మొదటి గెదాన్ బరాయ్ (కిందికి వచ్చే దెబ్బని ఊడ్చేసే అడ్డు) దగ్గరే తిరుగుతున్నాను. ‘రి’ గురించి నన్నడగొద్దు.

ఇంకోటి, ముందు మోకాలు పాదం వేళ్ల వైపే ఉండాలి. లోపలికి వాలితే బ్లాక్ బెల్టు కంటే ముందు డాక్టర్ దగ్గరికెళ్తారు.

గ్రీన్‌బెల్టు_గానుగ:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. కాగితం పెట్టించుకున్నాను. మొదటి రోజు పదికి పదీ చెల్లి చేతికొచ్చేశాయి, అది ఒకటే నవ్వు. నిన్న నాలుగే వచ్చాయి, ఒకటి మాత్రం మడమ కింద చిక్కి చిరిగింది. కుమితేలో ఇంకా తింటున్నాను కానీ ఇప్పుడు కళ్లు తెరిచి తింటున్నాను. ఆ కుర్రాడు గుద్దేముందు భుజం ఎత్తుతాడు!

పాత_గీ:
భేష్. కాగితం రెండో కాలికీ పెట్టి చూశారా?

గ్రీన్‌బెల్టు_గానుగ:
అది అడక్కండి సార్.