ఇంజెక్షన్ వాల్వ్ అరుగుదల: ఫ్లో తగ్గించి తిప్పాలా, అక్కర్లేదా?

వేరుశనగ ల్యాబ్, అనంతపురం
మాది వేరుశనగ గింజల్లో అఫ్లటాక్సిన్ (బూజు వదిలే విషం) పరీక్షించే చిన్న ల్యాబ్. హెచ్‌పీఎల్‌సీ (నమూనాను ద్రవంతో పాటు పంపు ప్రెషర్‌తో కాలమ్ అనే గొట్టంలోంచి నెట్టి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పాతది. నమూనాను ఆ దారిలోకి మళ్లించేది చేత్తో తిప్పే ఆరు పోర్టుల (రంధ్రాల) వాల్వ్, నమూనా నింపేది 20 మైక్రోలీటర్ల లూప్ (సన్నటి గొట్టం). నడిచే ప్రెషర్ 200 బార్ లోపే. అయినా రోటర్ సీల్ (వాల్వ్‌లో తిరిగే, గాడులున్న పాలిమర్ బిళ్ల) తొందరగా అరిగిపోతోంది. బాగా బూజు పట్టిన గింజల నమూనా తర్వాత వట్టి మిథనాల్ ఎక్కించినా బీ1 (అఫ్లటాక్సిన్లలో ఒక రకం) పీక్, అంటే గ్రాఫ్‌లో దాని శిఖరం, చిన్నగా కనిపిస్తోంది. ఐరోపాకు నేరుగా తినడానికి పంపే గింజల్లో బీ1 కిలోకు 2 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 4 దాటకూడదు. ఆ స్థాయిలో ముందరి నమూనా మిగులు కాస్త కలిసినా మంచి సరుకుకు చెడ్డపేరు వస్తుంది, ఆ వ్యాపారి వచ్చి నిలదీసేది మమ్మల్నే. మా సీనియర్ ప్రతిసారీ పంపు ఫ్లో తగ్గించి, ప్రెషర్ దిగాకే వాల్వ్ తిప్పమంటున్నారు. దాని వల్ల ప్రయోజనం ఉందా?

సర్వీసు ఇంజనీర్, కర్నూలు
లేదు సార్. సమయం దండగ. అరిగిన సీల్ విప్పి భూతద్దం కింద పెట్టి చూడండి. గాడికీ గాడికీ మధ్య, వాల్వ్ తిరిగే దారి వెంట, వంపుగా సన్నటి గీతలుంటాయి. అవి ప్రెషర్ గీసినవి కావు, గట్టి రేణువు గీసినవి. వడపోయని నమూనా, పంపు సీల్ నుంచి రాలిన పొడి, ఎండిన ఉప్పు, వీటిలో ఏదో ఒకటి. మీరు కోబ్రా సెల్ (అఫ్లటాక్సిన్ బాగా కనిపించేలా దానికి బ్రోమిన్ కలిపే పరికరం) వాడుతుంటే మొబైల్ ఫేజ్‌లో (పంపు నెట్టే ద్రవంలో) పొటాషియం బ్రోమైడ్, నైట్రిక్ ఆమ్లం ఉంటాయి. రాత్రి నీళ్లతో కడగకుండా ఆపేసి వెళ్తే పోర్టుల దగ్గర ఆ ఉప్పు పేరుకుంటుంది. పొద్దున హ్యాండిల్ తిప్పగానే అదే గరుకు కాగితంలా సీల్‌ను గీకుతుంది.

ఇంకొకటి, సిరంజి సూది చూడండి. మొన చదునుగా కోసినదై ఉండాలి. మందులషాపులో దొరికే ఏటవాలు సూది లోపలికి దూరి నేరుగా సీల్‌కే తగులుతుంది. దానికి ప్రెషర్‌ను నిందించి ఏం లాభం?

విశ్లేషణ రసాయన అధ్యాపకుడు, కడప
ఇంజనీర్ గారు సగమే చెప్పారు. లూప్ నింపేటప్పుడు అందులో ఉండేది మామూలు వాతావరణ పీడనం, పంపు వైపు 200 బార్. వాల్వ్ తిరుగుతుంటే గాడి అంచు పోర్టును పూర్తిగా ఒక్కసారే తెరవదు, మొదట వెంట్రుకంత సందే ఇస్తుంది. మొత్తం పీడన వ్యత్యాసం ఆ సందు మీదే పడుతుంది. ఘర్షణను పక్కన పెట్టి లెక్కేస్తే ద్రవం సెకనుకు 200 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. 600 బార్ దగ్గర అది దాదాపు 350 మీటర్లు, అంటే గాలిలో శబ్దవేగాన్ని మించినట్టు. గాడి అంచులు కోసుకుపోయేది అక్కడే. లూప్‌ను మళ్లీ లోడ్‌కు (నమూనా నింపే స్థానానికి) తిప్పినప్పుడు, లోపల బిగిసి ఉన్న ద్రవం అదే సందులోంచి వెనక్కి చిమ్ముతుంది. అందుకే ఇంకా ఎక్కువ ప్రెషర్‌తో నడిచే కొన్ని కొత్త యూహెచ్‌పీఎల్‌సీ యంత్రాల్లో ముందుగా వాల్వ్‌ను మధ్య స్థానంలో ఉంచి, సిరంజి పిస్టన్‌తో లూప్‌ను పంపు ప్రెషర్ దాకా బిగిస్తారు. రెండు వైపులా సమానమయ్యాకే కాలమ్ దారిలో కలుపుతారు. వచ్చేటప్పుడూ మెల్లగా వదులు చేసి గానీ తెరవరు. ప్రెషర్ వల్ల నష్టమే లేకపోతే తయారీదారులు ఇంత శ్రమ ఎందుకు పడతారు?

సర్వీసు ఇంజనీర్, కర్నూలు
మాస్టారూ, అవి వెయ్యి బార్ దాకా వెళ్లే యంత్రాలు. వీరిది 200. నీళ్లయితే 20 మైక్రోలీటర్లు ఆ ప్రెషర్‌కు కుదించుకునేది 0.2 మైక్రోలీటర్ కూడా కాదు. మీరు చెప్పిన ఆ ధార అంతలోనే ఆగిపోతుంది. పైగా శుభ్రమైన ద్రవం పాలిమర్‌ను ఏం కోస్తుంది? అందులో రేణువు ఉంటేనే కోత. మళ్లీ మురికి దగ్గరికే వచ్చాం. ఇక ఫ్లో తగ్గించి పెంచడమంటే, ప్రతి ఇంజెక్షన్‌కూ కాలమ్ మీద ప్రెషర్ దించి ఎక్కించడమే. ఒక్క సీల్ కోసం అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కాలమ్‌ను బలిపెట్టమంటారా?

విశ్లేషణ రసాయన అధ్యాపకుడు, కడప
0.2 లెక్క ఒప్పుకుంటాను, అయితే లూప్ నిండా ద్రవమే ఉంటేనే. 5 మైక్రోలీటర్ల గాలి బుడగ చిక్కుకుని ఉంటే అది దాదాపు పూర్తిగా నలిగిపోతుంది. అంటే ఆ సన్నటి సందులోంచి పాతిక రెట్లకు పైగా ద్రవం దూసుకెళ్లాలి. లూప్‌ను సగం సగం నింపేవాళ్ల దగ్గర సీళ్లు ముందుగా పోవడానికి ఇదొక కారణం అంటాను. కాలమ్ విషయంలో మీ మాట సబబే. ఫ్లో మరీ దించకుండా సగానికి తగ్గిస్తే చాలు.

క్యూసీ విభాగం, ఓర్వకల్లు
సగానికి తగ్గించినా రిటెన్షన్ టైమ్ (పీక్ బయటపడే సమయం) కదులుతుంది. వ్యాలిడేట్ చేసిన (ముందే పరీక్షించి ఖాయం చేసిన) పద్ధతిలో అలాంటి సొంత మార్పు ఆడిటర్ ఒప్పుకోడు. మేము ఫ్లో జోలికి పోము. ఇంజెక్షన్ల లెక్క లాగ్‌బుక్‌లో రాసుకుని, బ్లాంక్‌లో (నమూనా లేని వట్టి ద్రవంలో) పీక్ రాకముందే సీల్ మారుస్తాం. పీహెచ్ 10 దాటే మొబైల్ ఫేజ్ అయితే వెస్పెల్ (ఒక రకం పాలిమర్) సీల్ వద్దు, PEEK అనే వేరే పాలిమర్‌ది వేయండి.

వేరుశనగ ల్యాబ్, అనంతపురం
సూది చదునుదే, నమూనా 0.45 మైక్రాన్ ఫిల్టర్ దాటాకే ఎక్కుతుంది. రాత్రి కడగడం మాత్రం ఎవరు డ్యూటీలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. నమూనా ఒక మిల్లీలీటరుకు పైనే ఉంటుంది కాబట్టి లూప్‌కు మూడు రెట్లు ఎక్కించడం కష్టం కాదు, గాలి సంగతి దాంతో తేలుతుంది. కానీ సీనియర్‌కు ఏం చెప్పను? ఆయన ఫ్లో తగ్గించడంతో పాటు హ్యాండిల్‌ను కూడా మెల్లగా తిప్పమంటున్నారు.

సర్వీసు ఇంజనీర్, కర్నూలు
అది మాత్రం అసలు వద్దు. హ్యాండిల్ మధ్యలో ఉన్నంతసేపూ మీలాంటి పాత వాల్వ్‌లో పంపు దారి మూసుకుపోతుంది, ప్రెషర్ ఎగబాకుతుంది. ఒక్క ఊపున తిప్పాలి. కారుతోందని స్క్రూలు బిగించకండి, బిగించిన కొద్దీ సీల్ మీద రాపిడి పెరుగుతుంది.

విశ్లేషణ రసాయన అధ్యాపకుడు, కడప
ఈ రెండిటిలో ఇంజనీర్ గారితో నాకు పేచీ లేదు. ఫ్లో సంగతికి వస్తే, ఈసారి తీసే సీల్ పారేయకుండా గాడి అంచుల ఫొటో ఇక్కడ పెట్టండి. గీతలు అంచు దగ్గర మొదలయ్యాయో, మధ్యలోనో చూసి మాట్లాడుకుందాం.