టింకర్ టైలర్ సోల్జర్ స్పై: సినిమా నవలకి న్యాయం చేసిందా? (స్పాయిలర్లు ఉన్నాయి)

పోస్ట్ 1
నిన్న రాత్రి 2011 సినిమా మళ్ళీ చూశా. జాన్ లె కారే నవల (1974) ముందే చదివా కాబట్టి నాకు ఓకే, పక్కన కూర్చున్న మా తమ్ముడికి మాత్రం సగం పైగా అర్థం కాలేదు. బ్రిటిష్ సీక్రెట్ సర్వీస్‌లో పైస్థాయిలో ఒకడు రష్యా మనిషి, ఉద్యోగం ఊడిన స్మైలీ వాణ్ణి పట్టుకోవాలి, కథ ఇంతే. కానీ అనుమానం ఉన్నవాళ్ళలో బ్లాండ్, ఎస్టర్‌హేస్ అసలు ఎలాంటి మనుషులో మనకి తెలిసేలోపే సినిమా అయిపోయింది, ఇక దొంగ ఎవరైతే నాకేంటి అనిపించదా? 1979లో బీబీసీ అలెక్ గిన్నిస్‌తో ఏడు ఎపిసోడ్లు తీసింది చూడండి, ఈ నవలకి ఆ నిడివి కావాల్సిందే. రెండు గంటల్లో ఇరికించడం తప్పు.

జవాబు 1
అనుమానితుల సంగతి ఒప్పుకుంటానండీ, అక్కడ సినిమా నిజంగానే పలచబడింది. కానీ నిడివి ఉంటే చాలు అంటే మాత్రం ఒప్పుకోను. కార్లా (రష్యా గూఢచారుల పెద్ద) సీనే తీసుకోండి. ఢిల్లీ జైల్లో స్మైలీ కార్లాని కలవడం సీరియల్‌లో ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించారు, కార్లాగా పాట్రిక్ స్టీవర్ట్ ఎదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడడు, బాగుంటుంది. సినిమాలో ఫ్లాష్‌బ్యాకే లేదు, స్మైలీగా గ్యారీ ఓల్డ్‌మన్ ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో మాట్లాడతాడు, కార్లా అందులోనే కూర్చున్నట్టు, కాస్త ముందుకి వంగి మా వైపు వచ్చెయ్ అని బతిమాలతాడు, భార్య ఇచ్చిన లైటర్ వాడు పట్టుకెళ్ళిపోయాడని చెప్పేటప్పుడు ఆ మొహం చూడండి. నవలలో కూడా ఇది స్మైలీ తన సహాయకుడు గిలామ్‌కి నోటితో చెప్పే కథే కదా! మరి పుస్తకానికి ఏది దగ్గర?

ఇంకోటి, కళ్ళజోడు. ఉద్యోగం పోయాక స్మైలీ కొత్త జోడు చేయించుకుంటాడు, అక్కణ్ణుంచి ఏది పాత సీనో ఏది ఇప్పటిదో ఫ్రేమ్ చూసి చెప్పేయొచ్చు, డేట్ వెయ్యక్కర్లేదు. క్రిస్మస్ పార్టీ అయితే నవలలో లేనే లేదు, అయినా నాకు ఇష్టం, ఈ ఆఫీసు ఒకప్పుడు వాళ్ళకి ఇల్లులాంటిదని ఆ పాటల్లో తెలిసిపోతుంది. ఆ గుంపులో లె కారే కూడా కనిపిస్తాడు.

పోస్ట్ 1 రాసినవారు
కుర్చీ సీన్ విషయంలో మీ మాటే కరెక్ట్, నవలలో అది చెప్పే కథే అన్న సంగతి నేను ఆలోచించలేదు. కానీ క్లైమాక్స్? నవలలో ఆ దొంగ హేడన్ మెడ విరిగి పడుంటాడు, వాడు మోసం చేసిన స్నేహితుడు, తోటి గూఢచారి జిమ్ చేశాడని తిన్నగా చెప్పరు, మనకే తడుతుంది. ప్రాణస్నేహితుణ్ణి చేతులతో చంపడానికి దగ్గరికెళ్ళాలి, ముట్టుకోవాలి. సినిమాలో రైఫిల్‌తో దూరం నుంచి కాల్చేశాడు, అంత దగ్గరితనం పోయింది కదండీ.

జవాబు 2
పోయింది, నిజమే. కానీ ఆ షాట్ ఇంకోసారి చూడండి. బుల్లెట్ హేడన్ కంటి కింద తగులుతుంది, రక్తం చెంప మీద కన్నీటి చుక్కలా జారుతుంది. జిమ్ చెంప మీద కూడా అలాగే ఒక చుక్క, అది మాత్రం కన్నీరే.