సమస్య: సున్న వచ్చినపుడె చుట్టరికము

నిర్వాహకుడు: శేషం, వక్రరేఖ, లంబం అనే కలం పేర్లతో పూరించే కవులకు ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. యతి సు–చు. సున్న వస్తేనే చుట్టరికమా అన్న చిక్కును బడి లెక్కలతోనే విప్పాలి.

శేషం:
భాగహారమందు బాంధవ్యమున కెల్ల
శేషమొకటె సాక్షి, చెప్పు నిజము;
కారణాంక మగునొ కాదొ తేల్చెడి వేళ
సున్న వచ్చినపుడె చుట్టరికము.

నిర్వాహకుడు: శేష సిద్ధాంతం, భేష్. (ఎక్స్ − ఎ)తో భాగిస్తే వచ్చే శేషం, ఎక్స్ బదులు ఎ పెడితే వచ్చే విలువే. ఎక్స్ వర్గం − 5ఎక్స్ + 6లో 2 పెడితే 4 − 10 + 6 = 0, కాబట్టి (ఎక్స్ − 2) కారణాంకం. వంక పెట్టడానికి లేదు.

వక్రరేఖ:
వర్గమగుచు నొకటి వంకగా సాగంగ
గుణక మేమి చెప్పుఁ గుటిల గతిని?
ఆరు విలువ చూచి యనుమాన మెందుకు?
సున్న వచ్చినపుడె చుట్టరికము.

(‘ఆరు’ ఇక్కడ అంకె కాదు, ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరంతో రాసే సహసంబంధ గుణకం: రెండు రాశులు సరళరేఖలా ఎంతగా కలిసి మారతాయో −1 నుంచి 1 దాకా చెప్పే సంఖ్య.)

లంబం: శ్లేష బాగుంది, వక్రరేఖ గారూ. భావం కూడా నిజమే. వై = ఎక్స్ వర్గం అనుకోండి. ఎక్స్ −2, −1, 0, 1, 2 అయితే వై 4, 1, 0, 1, 4. ఎక్స్ సగటు సున్న కనుక జంటల లబ్ధాలు కూడితే చాలు: −8 − 1 + 0 + 1 + 8. అంతా కొట్టుకుపోయి గుణకం సున్న. వై మాత్రం పూర్తిగా ఎక్స్ చెప్పుచేతల్లోనే ఉంది! ఎడమ సగం తీసేసి 0, 1, 2 మాత్రమే ఉంచండి, గుణకం ఒక్కసారిగా 0.96కి ఎగబాకుతుంది. ఆ గుణకం చూసేది సరళరేఖ పోలికనే మరి.

కానీ తర్కం కుదరలేదండీ. వై = 2ఎక్స్ అయితే గుణకం 1, అక్కడా చుట్టరికమే. మీ పద్యానికి ‘వచ్చినపుడు కూడ’ కావాలి.

నిర్వాహకుడు: సమస్య పాదం మార్చకూడదు కనుక ఈ పూరణకు సగం మార్కులే. ఊహకు మాత్రం పూర్తి మార్కులు! గుణకం ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దనే 1973లో గణాంక శాస్త్రవేత్త ఆన్‌స్కంబ్ నాలుగు దత్తాంశాలు చూపించాడు. నాలుగింటికీ గుణకం దాదాపు 0.816, గ్రాఫులు గీస్తే ఒకదానికొకటి పొంతన ఉండదు.

లంబం: సరే, నా ప్రయత్నం.
గీతనుండి చుక్క కెంత దూరమొ చూచి
వర్గములను కూర్ప వలయుఁ బిదప;
ఒకటి యనుచు గుణక మొప్పుకోవలెనన్న
సున్న వచ్చినపుడె చుట్టరికము.

నిర్వాహకుడు: చుక్కలన్నీ గీత మీదే పడితే ఆ వర్గాల మొత్తం సున్న. ‘అపుడె’ అతికింది. గీత కిందికి వాలితే −1 వస్తుంది, దాన్ని వదిలేశారు.

వక్రరేఖ: ఇప్పుడు నా వంతు! వై విలువలన్నీ 5 అనుకోండి. గీత అడ్డంగా, చుక్కలన్నీ దాని మీదే, మొత్తం సున్న. గుణకం ఎంతండీ? వై ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది) కూడా సున్న, అది గుణకం సూత్రంలో హారంలో ఉంది. గుణకమే నిర్వచితం కాదు.

లంబం: మా పద్యం చెప్పింది సున్న లేనిదే ఒకటి రాదనే, సున్న వస్తే ఒకటి వచ్చి తీరుతుందని కాదు. −1 సంగతి ఒప్పుకుంటున్నాను. ఆటవెలదిలో చోటు చాలలేదు.