అప్‌డేట్: తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాల్లో) పెద్దలకు బైబిలు వాక్య పాఠం

మా విచారణలో (మా కతోలిక గుడి పరిధిలో) పెద్దలు పాఠానికి వస్తారు కానీ నోరు విప్పరు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ వందనాలు.

శుక్రవారం సిలువ మార్గం (యేసు శ్రమలను ధ్యానించే ప్రార్థన) అవగానే 45 నిమిషాలు కూర్చోవడం కుదిరింది. వేరే రోజు పెడితే కూలి పనులకెళ్లేవాళ్లు రాలేరు. ఆదివారం గుడిలో చదివే వాక్యాలు 'ఎ', 'బి', 'సి' అని మూడేళ్ల వరుసలో మారుతుంటాయి. 'ఎ' సంవత్సరం కాబట్టి తపస్సు కాలపు 3, 4, 5 ఆదివారాల సువిశేషాలే (యేసు గురించిన బైబిలు భాగాలే) తీసుకున్నాం: సమరియ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు. జ్ఞానస్నానానికి సిద్ధపడేవాళ్లుంటే 'బి', 'సి' సంవత్సరాల్లోనూ ఇవే చదవచ్చు.

చదువు రానివాళ్లు ఉన్నారు గనుక పాత్రలు పంచి బిగ్గరగా చదివించాం. తర్వాత రెండు నిమిషాల మౌనం, ఆపై ఒకే ప్రశ్న, సమరియ స్త్రీ గురించైతే: "ఆమె కుండ అక్కడే ఎందుకు వదిలేసింది?" (యోహాను 4:28). నీళ్లు మోసిన ఆడవాళ్లే ముందు మాట్లాడారు. వాళ్లు చెప్పినంత బాగా ఏ వ్యాఖ్యానమూ చెప్పలేదనిపించింది.

పుట్టు గుడ్డివాడి కథ ఉన్న యోహాను 9వ అధ్యాయం 41 వచనాలు, ఒకేసారి చదివితే మధ్యలోనే ధ్యాస పోతుంది. ముక్కలు చేసి, గుడ్డివాడు యేసును ఏమని పిలుస్తున్నాడో చూడమనండి: 11లో "యేసు అనే మనిషి", 17లో "ప్రవక్త", 38లో "ప్రభువా". విశ్వాసం మెట్టుమెట్టుగా ఎదగడం అక్కడ కళ్లకు కడుతుంది.

ఉపదేశి గారు (పాఠం నడిపేవారు) వెంటనే జవాబు చెప్పకూడదు. చెప్పారా, అది ఇంకో ప్రసంగమైపోతుంది, మిగతావాళ్లు మళ్లీ వినడానికే పరిమితమవుతారు.

పాస్కా (ఈస్టర్) తర్వాత పెంతెకోస్తు పండుగ దాకా బైబిల్లోని అపొస్తలుల కార్యాలు ఇదే పద్ధతిలో చదవబోతున్నాం.