అనాతోతు పొలాన్ని యిర్మీయా ప్రవక్త ఎలా కొన్నాడు?

బైబిలులోని లేవీయకాండము 25 ప్రకారం ఇశ్రాయేలులో భూమిని శాశ్వతంగా అమ్మకూడదు. పేదరికంతో అమ్ముకున్నా దగ్గరి బంధువు విడిపించవచ్చు, లేదంటే సునాద సంవత్సరంలో, అంటే ప్రతి 50వ ఏట, సొంతదారుకే తిరిగి చేరుతుంది. ఇంతవరకు అర్థమైంది.

చిక్కు 34వ వచనంతో వచ్చింది. లేవీయుల (యాజకులు, ఆలయ సేవకులు ఉన్న గోత్రం) పట్టణాల పొలాలను అసలు అమ్మకూడదట. అనాతోతు యాజకుల పట్టణమే (యెహోషువ 21:18). మరి అక్కడి పొలాన్ని యిర్మీయా తన తండ్రి సోదరుని కొడుకు హనమేలు దగ్గర 17 తులాల వెండికి ఎలా కొన్నాడు? బయటివారికి అమ్మడమే నిషేధమా? విడిపించే హక్కున్న బంధువు కొంటే అది అమ్మకం కిందికి రాదా? బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన వేళ కూడా పత్రం రాసి, సాక్షులతో సంతకాలు చేయించి, మట్టికుండలో దాచారు. అంటే వ్యవహారం చట్టబద్ధమనే కదా!

యూదు వ్యాఖ్యాతల వివరణ తెలిసినవారు దయచేసి చెప్పండి. ఉపదేశం వద్దు, చట్టం సంగతి చాలు.