మిరపలో ఆకుముడత వైరస్‌కు ఆర్‌ఎన్‌ఏ పిచికారీ పని చేస్తుందా?

ప్రశ్న: నర్సంపేట మిర్చి రైతు
మేము నర్సంపేట దగ్గర చపాటా మిరప సాగు చేస్తాము. నాటిన కొన్నాళ్లకే అక్కడక్కడ మొక్కలు గిడసబారి, కొన ఆకులు చిన్నవై ముడుచుకొని, పూత రాలిపోతోంది. వైరస్ జన్యువును పని చేయనీయకుండా ఆపే ఆర్‌ఎన్‌ఏ పిచికారీలు వస్తున్నాయని చదివాను. అవి ఇప్పటికే ముడుచుకున్న మొక్కను బాగు చేస్తాయా? ఇది కూడా బీటీ పత్తి లాంటి జన్యుమార్పిడేనా?

జవాబు: తెగుళ్ల విభాగం విద్యార్థి
బాగు చేయవండి. ఈ పద్ధతి వైరస్ సోకక ముందు మొక్కను సిద్ధం చేసేదే. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారాన్ని అక్షరాల వరుసలా మోసే అణువు) కణంలో కనిపించగానే మొక్కలోని డైసర్ అనే ఎంజైము దానిని 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ అందులో ఒక పోగును నమూనాగా పట్టుకొని, దానికి సరిపోలే వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి తెగ్గోస్తుంది. ఈ రక్షణ ప్రతి మొక్కలోనూ సహజంగా ఉన్నదే, మనం ముందుగా నమూనా అందిస్తామంతే.

ఆ నమూనాను మొక్క జన్యువులోనే చేర్చితే అది జన్యుమార్పిడి. మన ఆకుముడత వైరస్ కుటుంబానికే చెందిన, తెల్లదోమే మోసుకెళ్లే చిక్కుడు గోల్డెన్ మొజాయిక్ వైరస్‌కు తట్టుకునే చిక్కుడు రకాన్ని బ్రెజిల్ 2011లో ఈ పద్ధతిలోనే ఆమోదించింది. పిచికారీ చేస్తే మాత్రం మొక్క జన్యువు మారదు. ఉత్త ఆర్‌ఎన్‌ఏ ఆకు మీద ఎక్కువ కాలం నిలవదు కనుక, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు దానిని అతి సూక్ష్మమైన బంకమట్టి రేకులకు పట్టించి, ఒక్క పిచికారీతో 20 రోజుల వరకు రక్షణ నిలుస్తుందని 2017లో చూపారు. అయితే వారు పరీక్షించినవి ఆకు మీద రుద్ది ఎక్కించగల వైరస్‌లు. మన ముడత వైరస్‌ను తెల్లదోమ నేరుగా మొక్క లోపల ఆహారం పారే నాళాల్లోకి దింపుతుంది, అక్కడిదాకా పిచికారీ చేరడమే అసలు చిక్కు.

జవాబు: పరకాల, పాత వ్యవసాయ విస్తరణ ఉద్యోగి
పై వివరణ సరిగ్గానే ఉంది. అయితే మీ చేనులోనిది నిజంగా వైరసేనా అన్నది ముందు తేల్చుకోండి. ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడిస్తే తామర పురుగులు, కిందికి ముడిచి కాడ సాగితే నల్లి కావచ్చు. ఆకు తిరగేసి భూతద్దంతో చూస్తే పురుగు దొరుకుతుంది. ఈనెలు ఉబ్బి, మొక్క పొట్టిగా గుబురెక్కితే వైరస్‌ను అనుమానించాలి. దుకాణంలో “వైరస్ మందు” అని ఇచ్చే సీసాల మీద డబ్బు పెట్టకండి, మొక్కలో చేరిన వైరస్‌ను చంపే రసాయనం లేదు. నారుమడికి సన్న వల కట్టడం, చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ వరుసలు వేయడం, ముడిచిన మొక్కను తొలి దశలోనే పీకి పాతిపెట్టడం ఇప్పటికి మన చేతిలో ఉన్న పనులు.

ప్రశ్న: నర్సంపేట మిర్చి రైతు
ధన్యవాదాలు. రేపు అలాంటి పిచికారీ వచ్చినా, వైరస్ రూపు మార్చుకొని తప్పించుకోదా?

జవాబు: తెగుళ్ల విభాగం విద్యార్థి
పొడవైన ఆర్‌ఎన్‌ఏ నుంచి అనేక ముక్కలు వస్తాయి కనుక, ఒకటి రెండు అక్షరాలు మారినంత మాత్రాన తప్పించుకోలేదు. కానీ మిరప ముడతకు కారణమయ్యే వైరస్‌లు ఒకటి కాదు, అవి తమలో తాము జన్యుభాగాలు కలుపుకొంటాయి కూడా. పైగా వాటి వెంట బీటా ఉపగ్రహం అనే, వైరస్ మీద ఆధారపడి బతికే చిన్న డీఎన్‌ఏ ముక్క వస్తుంది. అది తయారు చేసే ప్రోటీన్, మొక్క చేసే ఈ కోతనే అడ్డుకుంటుంది. అందుకే వైరస్‌లన్నింటిలోనూ పెద్దగా మారని భాగాన్నీ, ఆ ఉపగ్రహాన్నీ కలిపి గురిపెట్టాలని ఈ రంగంలో చాలామంది భావిస్తున్నారు.